కఫీల్ గడి

ఖాసిం వలికి అరబ్బీ చదవడం వచ్చు, అర్థం కాదు. తిరుపాలమ్మకు అర్థమవుతుంది, చదవడం రాదు. దేవుడు ఇద్దరికీ చెరిసగం పంచిపెట్టాడు కాబట్టి ఆ చైనా సినిమా ముందుకు కదలాలంటే ఇద్దరూ టీవీ ముందు పక్కపక్కన కూర్చోక తప్పలేదు.

తెర కింద అరబ్బీ అక్షరాలు పడగానే వలి రిమోట్ నొక్కి బొమ్మను ఆపుతాడు. ఆగిన బొమ్మ నిలకడగా ఉండదు, మధ్యలో తెల్లటి గీత ఒకటి వణుకుతూ ఉంటుంది. చిన్నప్పుడు కడపలో మౌల్వీగారి బెత్తం కింద నేర్చుకున్న చదువు అతనిది. ఖురానులో అక్షరాల మీద గుర్తులుంటాయి, ఏది ఎలా పలకాలో అవి చెబుతాయి. సినిమావాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? అందుకని వలి ఒక్కో మాటనీ రెండు మూడు రకాలుగా పలికి చూస్తాడు. తిరుపాలమ్మ కళ్లు మూసుకుని వింటుంది. పదేళ్లు వంటింట్లో తిట్లు తింటూ నేర్చిన అరబ్బీ ఆమెది. మూడింట్లో ఒకటి చెవికి తగలగానే "ఆగు, అదే" అని చెయ్యెత్తుతుంది. తర్వాత వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ముప్ఫై మందికి తెలుగులో చెబుతుంది. సగం తెలిసి చెప్పేది, సగం ఊహించి చెప్పేది.

కువైట్‌లోని మంగఫ్‌లో ఆ బిల్డింగు కింది అంతస్తు హాల్లో ఇరవై రోజులుగా తెలుగువాళ్లు పోగై ఉన్నారు. ఇరాక్ సైన్యం వచ్చిన వారానికి షువైఖ్ గ్యారేజీల నుంచి మెకానిక్కులు వచ్చారు, అల్ రాయ్ గోడౌన్ల నుంచి లోడింగువాళ్లు వచ్చారు, యజమానులు సౌదీకి పారిపోయిన ఇళ్ల నుంచి పనిమనుషులు వచ్చారు. పొద్దున రొట్టెల క్యూ, మధ్యాహ్నం అన్నం క్యూ, ఆ మధ్యలో ఎండ. వీధి మలుపులో సైనికుల గుడారం ఉంది గనక కిటికీ తెరలు తీసేది లేదు. కరెంటు మాత్రం ఇంకా పోలేదు. వలి ఫహాహీల్‌లో ఒక వీడియో షాపు వ్యాను నడిపేవాడు. సైనికులు షాపులో ఈజిప్టు సినిమాలూ హిందీ సినిమాలూ మూటగట్టుకుపోగా అడుగున మిగిలిన మూడు క్యాసెట్లు అతను తెచ్చాడు. ఒకటి పిల్లల బొమ్మలది, సగంలో తెగిపోయింది. రెండోది ఎవరో కువైటీల పెళ్లి. దాన్ని రెండుసార్లు చూశారు, పెళ్లికూతురి మేనత్తల మీద కూడా అందరికీ ఒక అభిప్రాయం ఏర్పడింది. మూడోది ఈ చైనా సినిమా.

నిజంగా బతికిన మనిషి కథేనట. అట్ట మీద అలాగే రాసి ఉందని వలి చెప్పాడు. ఎనభై తొంభై ఏళ్ల కిందటి సంగతి. పెద్దింటి కోడలు. మొగుడు తాగుతాడు, జూదమాడతాడు. ఆమె ఒకరోజు మంచమ్మీద కూర్చుని కాళ్లకు చుట్టిన గుడ్డలు విప్పడం మొదలుపెట్టింది. మూరల కొద్దీ గుడ్డ. విప్పేకొద్దీ వస్తూనే ఉంది. చివరికి బయటపడ్డ పాదం గుప్పెడంత ఉంది, వేళ్లు అడుగుకు మడిచిపెట్టుకుపోయి ఉన్నాయి.

"కాళ్లకేమైందక్కా, దెబ్బ తగిల్నాదా?" అని అడిగింది రమణి. రమణికి ఇరవై మూడేళ్లు, రాయచోటి దగ్గర పిల్ల. వచ్చి ఏడాదన్నా కాలేదు.

"దెబ్బ గాదే. చిన్నప్పుడే మడిచి కట్టేస్తారంట. ఆడది ఇల్లు దాటి పోకుండా."

రమణి కాసేపు చూసింది. "మనకి పాస్‌పోర్టు తీస్కోని బీరువాలో పెట్టి బీగం ఏసినట్టా?"

హాల్లో ఆడవాళ్లంతా నవ్వారు. మగవాళ్లలో కొందరు నవ్వారు. తిరుపాలమ్మ నవ్వలేదు, తన పాదాలు ముడుచుకుంది. ఆమె పాస్‌పోర్టు సాల్మియాలో, మామా అని పిలిచే యజమానురాలి బీరువాలోనే ఉంది. మామా వాళ్లు కార్లెక్కిన రోజు ఇల్లు జాగ్రత్త అని చెప్పి గేటు తాళం చేతిలో పెట్టారు గాని బీరువా తాళం పెట్టలేదు. నాలుగో రోజు ఆ ఇంట్లోకి సైనికులు దిగారు. ఆమె వెనక తలుపులోంచి రబ్బరు చెప్పులతో నడక మొదలుపెట్టి రెండు రోజులకు మంగఫ్ చేరింది. మడమల మీద పొక్కులు ఇంకా ఆరలేదు.

చైనా ఆమె ఆ వంకర కాళ్లతోనే మగవేషం వేసుకుని ఓడెక్కింది. ఎవరో ముసలాయన దగ్గర కత్తిసాము నేర్చుకుంది. పడింది, లేచింది, మళ్లీ పడింది. ఈ పడడం లేవడం దగ్గర చదవడానికేమీ లేదు గనక వలి రిమోట్ కింద పెట్టి హాయిగా చూశాడు. ఆమె పెంకుటిళ్ల మీదుగా గాల్లో ఎగిరి నలుగురిని ఒక్క దెబ్బకు పడగొట్టినప్పుడు గోడవారన మెకానిక్కులు ఈల వేశారు. "సన్నగా, సన్నగా" అని పెద్దవాళ్లు కసిరారు, బయట గుడారం ఉందిగదా.

అప్పుడే మూడో అంతస్తులో ఉండే సోమశేఖర్ కిందికి దిగి వచ్చాడు. విజయవాడ మనిషి, నీళ్ల కంపెనీలో ఇంజనీరు. ఆ బిల్డింగులో ఇంగ్లీషు కాయితం ఏదొచ్చినా ఆయన చేతిలోకే పోయేది. టీవీ ఆపమని చేత్తో సైగ చేశాడు.

"బస్సు దొరికింది. శుక్రవారం పొద్దున. బస్రా దాకా ఆ బస్సు, అక్కణ్ణుంచి బాగ్దాదు, ఆపైన జోర్డాను. అక్కడ మనవాళ్ల విమానం ఉంటుంది. మన ఎంబసీవాళ్లు పేర్లు రాసి పంపమన్నారు. రేపు పొద్దున లిస్టు రాద్దాం."

ఎవరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. ఇరవై రోజుల్లో ఇలాంటి మాటలు నాలుగు విన్నారు. రొట్టె తెచ్చే బాధ్యత రేపు ఎవరిదని ఒకరు అడిగారు.

*

మర్నాడు సోమశేఖర్ స్కేలు, కార్బన్ కాయితం, రెండు పెన్నులు పట్టుకుని వచ్చి హాల్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద కాయితం మీద గీతలు కొట్టడంలోనే పావుగంట గడిపాడు. ఆయన గీసిన గీత ఒక్కటీ వంకర పోలేదు. వరస సంఖ్య ఒక గడి, పేరు ఒక గడి, పాస్‌పోర్టు నంబరు ఒక గడి, ఇఖామా అనే నివాస అనుమతి నంబరు ఒక గడి. చివర్లో వెడల్పాటి గడి ఒకటి గీసి దాని మీద కఫీల్ అని రాశాడు. తర్వాత ఆలోచించి దాని పక్కనే ఒక అడ్డగీత పెట్టి, బాధ్యులు అని కూడా రాశాడు.

ఆ గడి ఎందుకని ఎవరికీ అనుమానం రాలేదు. కువైట్‌లో కాలు పెట్టిన ప్రతి మనిషికీ ఒక కఫీల్ ఉంటాడు. వీసా ఇచ్చేవాడూ, ఇఖామా కొట్టించేవాడూ, పాస్‌పోర్టు దాచుకునేవాడూ అతనే. ఆస్పత్రిలో సూది వేయించుకోవాలన్నా ముందు అతని పేరు అడుగుతారు. ఇప్పుడు ఆ కఫీళ్లందరూ సౌదీలోనో లండన్‌లోనో తల దాచుకుంటున్నారు. అయినా లిస్టు అన్నాక ఆ గడి ఉండాలి. అది లేని కాయితం ఆ దేశంలో ఎవరూ చూడలేదు.

మగవాళ్ల పేర్లు గబగబా అయిపోయాయి. కుటుంబాలున్నవాళ్లవి ఇంకా తొందరగా అయిపోయాయి, మొగుడి పేరు కింద పెళ్లాం, పిల్లలు. సోమశేఖర్ భార్య అలివేలు, వాళ్లిద్దరి కూతురు అమృత అలాగే ఎక్కారు. చివరికి ఐదుగురు ఆడవాళ్లు మిగిలారు. రమణి, చిట్వేలు అక్కచెల్లెళ్లు ఇద్దరు, భీమవరం వైపు నుంచి వచ్చిన ఒకామె, తిరుపాలమ్మ. ఐదుగురూ పనిమనుషులే. ఐదుగురి పాస్‌పోర్టులూ ఎవరెవరి బీరువాల్లోనో ఉన్నాయి.

సోమశేఖర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేని ముఖం.

"చూడండమ్మా, మీరు పాస్‌పోర్టు లేకుండా వట్టి తెల్ల కాయితం మీద వెళ్తున్నారు. దార్లో ఎన్ని చెక్‌పోస్టులుంటాయో తెలీదు. ఈ ఆడమనిషి ఎవరి తాలూకు అని అడిగితే చూపించడానికి ఒక పేరుండాలి కదా. ఇక్కడ పాస్‌పోర్టులున్న మగవాళ్లు ఉన్నారు. తలా ఒకర్ని భార్యగా రాయించుకుంటే గొడవ ఉండదు. పేరుకే. జోర్డాను చేరాక ఎవరి దారి వాళ్లది."

ఆయన మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అదే అసలు తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు.

మగవాళ్లు గోడవారన కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నారు. నిలబడమని ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే లేచారు. తర్వాత షువైఖ్ గ్యారేజీ మెకానిక్ నాగేశ్వర గొంతు సవరించుకున్నాడు. ఆగస్టు పదికి సెలవు మీద పోవాల్సినవాడు, అందుకే పాస్‌పోర్టు జేబులో ఉంది. ఆ జేబు మీద ఒక చెయ్యి ఎప్పుడూ ఉంటుంది.

"రమణిని నా కింద రాయండి సార్. మా మండలం పిల్లే గదా."

రమణి తల వంచుకుంది. చిట్వేలు అక్కచెల్లెళ్లను అల్ రాయ్ గోడౌన్‌వాళ్లు ఇద్దరు రాయించుకున్నారు, చెల్లెలి దగ్గర ఇద్దరు ఒకేసారి నోరు తెరిచి, ఒకరు వెనక్కి తగ్గారు. భీమవరం ఆమె నల్లగా పొట్టిగా ఉంటుంది. ఆమె దగ్గర కొంచెం ఆలస్యమైంది, అయినా చివరికి ఒకతను సరేనన్నాడు. తిరుపాలమ్మకు నలభై నాలుగేళ్లు. ముందు జుట్టు నెరిసింది. ముప్ఫై ఏళ్ల మెకానిక్కుకు పెళ్లాం అంటే సైనికులు నవ్వుతారు. పైగా సైనికులు దిగిన ఇంట్లోంచి వచ్చిందని, రెండు రోజులు ఒంటరిగా రోడ్డున పడి వచ్చిందని హాల్లో గుసగుసలున్నాయి. అవి ఆమె చెవిన పడ్డాయి. ఆమెకు అరబ్బీయే అర్థమైతే తెలుగు గుసగుసలు అర్థం కావా?

పశువుల సంతలో చివరికి మిగిలిన ముసలి ఆవు పక్కన నిలబడ్డ ఆసామి ఎటు చూడాలో తెలియక మట్టి వైపు చూస్తాడు. సోమశేఖర్ అలాగే కాయితం వైపు చూస్తున్నాడు.

"నేను రాయించుకుంటా అక్కని" అన్నాడు వలి.

"భార్య పేరు తిరుపాలమ్మ, భర్త ఖాసిం వలి!" అని సోమశేఖర్ తల అడ్డంగా ఊపాడు. "చూడగానే ఇద్దర్నీ దింపేస్తారు. పేరు మారుద్దామంటావా? పేరు మారిస్తే అమ్మాన్‌లో మనవాళ్లు అడుగుతారు, ఈవిడెవరని."

నలుగురి కళ్లూ వేరేవైపు తిరిగాయి.

"రెండో బస్సు ఉంటుందమ్మా" అన్నాడు సోమశేఖర్. "మీరు దాంట్లో రావచ్చు. ఈలోగా ఏదో ఒక ఏర్పాటు చేద్దాం."

రెండో బస్సు గురించి ఎవరికీ ఏమీ తెలియదు, ఆయనకూ తెలియదు. బస్సులో యాభై సీట్లు. పేర్లు నలభై ఏడయ్యాయి. మిగిలిన మూడు సీట్లలో సూట్‌కేసులు పెట్టుకోవచ్చని ఎవరో అన్నారు.

తిరుపాలమ్మ "సరే సార్" అంది. వంటింట్లోకి పోయి మధ్యాహ్నానికి పప్పు ఏరడం మొదలుపెట్టింది. రాళ్లు ఎక్కువ ఉన్న పప్పు, క్యూలో నిలబడి తెచ్చినది. ఆమె వేళ్లు పప్పులో తిరుగుతూనే ఉన్నాయి, కళ్లకు మాత్రం పప్పూ రాళ్లూ ఒకటిగానే కనిపించాయి. అవమానం అనే మాట ఆమెకు తెలుసు గాని దాన్ని తన మీద వాడుకునే అలవాటు లేదు. ఒళ్లంతా నీరసం అనుకుంది. నిన్న కూడా ఇలాగే ఉంది గదా అనుకుంది. నిన్న ఇలా లేదు.

*

మధ్యాహ్నం సినిమా మిగతా సగం. తిరుపాలమ్మ రానని చెప్పింది. "నువ్వు రాకుంటే ఎట్లక్కా, నేనేమన్నా చిలకనా, ఊరికే చదవనీకి?" అని వలి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అతని ముఖంలో పొద్దుటి సంగతి ఇంకా ఉంది. ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

చైనా ఆమె తిరిగొచ్చి ఆడపిల్లలకు బడి పెట్టింది. బడి లోపల తుపాకులు దాచింది. రాజుగారి మనుషులకు తెలిసిపోయింది. సైన్యం వస్తోంది, పారిపో అని పిల్లలు కాళ్లు పట్టుకున్నారు. ఆమె పిల్లల్ని దొడ్డిదారిన పంపేసి తను మాత్రం కత్తి పట్టుకుని బడి గుమ్మంలో నిలబడింది. పెద్ద యుద్ధం. ఎంతమందిని కొట్టిందో లెక్కే లేదు. చివరికి పట్టుకున్నారు. చేతులకు సంకెళ్లు వేసి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఎత్తైన బల్ల వెనక టోపీ పెట్టుకున్న అధికారి, ముందు కాయితం, సిరా.

వలి బొమ్మ ఆపాడు. "మన్... వరా... వరాఅక్?"

తిరుపాలమ్మ కళ్లు తెరిచింది. "నీ వెనకాల ఎవురుండారు అని."

"వెనకాలంటే?" అంది రమణి.

"అదే లేవే. ఆడది ఒకతే ఇంత పని చేస్తాదా, నువ్వు ఎవురి మనిషివి, ఎవురు పంపిస్తే వొచ్చినావు అని." ఆమె ఒక్క క్షణం ఆగింది. "నీ కఫీల్ ఎవురు అని అడుగుతాండాడు."

హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. వలి మళ్లీ నొక్కాడు. చైనా ఆమె తలెత్తింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. రెండే రెండు మాటలు పడ్డాయి.

"లా... అహద్" అని చదివి వలి ఆశ్చర్యంగా తిరిగాడు. "అక్కా, అహద్ నాకు తెల్సు. నమాజులో ఒచ్చేదే. ఒక్కడు అని."

"లా అహద్ అంటే ఎవురూ లేరు అని" అంది తిరుపాలమ్మ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆగిన బొమ్మలో ఆమె ముఖం మీదుగా తెల్లగీత వణుకుతోంది. "కఫీల్ లేకుండా మనిషి ఎట్లుంటాదక్కా?" అని రమణి మెల్లగా అడిగింది. అది వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఆ తర్వాత చదవడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లవారుజామున వీధి మధ్యకు నడిపించుకుపోయారు. నరికేశారు. నరకడం చూపించలేదు, జనం మొహాలు చూపించారు. రమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అంత కత్తిసాము నేర్చుకోని ఏం లాభమక్కా? సంపనే సంపిరి గదా!"

"సంపుతారు లేవే, వాళ్ల పని అది" అంది తిరుపాలమ్మ. "వాడు అడిగినదానికి ఈమె ఒక పేరు చెప్పింటే బతికేదేమో. చెప్పనీకి పేరు లేదు గదా. ఉండేది ఆమె ఒకతే." అని లేచింది. మోకాళ్లు పట్టేశాయి, గోడ పట్టుకుని నిలబడింది. హాలు దాటి మెట్లెక్కింది. మూడంతస్తులు ఎక్కేసరికి మడమలు మండాయి.

తలుపు అలివేలు తీసింది. లోపల సోమశేఖర్ లిస్టు రెండో ప్రతి రాస్తున్నాడు, అన్నం పళ్లెం పక్కనే ఉంది, చేయి పెట్టలేదు.

"సార్, నా పేరు రాయండి."

"అమ్మా, పొద్దున చెప్పాను కదా..."

"ఆ గడి కాళీగా ఇడ్సండి."

"ఖాళీగా వదిలితే ఎలా చెల్లుతుందమ్మా? మొత్తం లిస్టు తిరగ్గొడితే? నలభై ఏడు మంది ఆగిపోతారు మీ ఒక్కరి కోసం." గొంతు పెద్దది చేశాడు, వెంటనే తగ్గించుకున్నాడు. "నా మీద కోపం వద్దు. నేను రూలు పెట్టినవాణ్ణి కాదు."

"మల్ల ఎవురు పెట్నారు సార్?" ఆమె గొంతులో దెబ్బలాట లేదు. పప్పులో రాయి ఎక్కడిదని అడిగినట్టు అడిగింది. "పేర్లు రాసిమ్మన్నారు అని నిన్న మీరే అంటిరి. ఈ గడి కూడా గీయమన్నారా వాళ్లు?"

సోమశేఖర్ గుర్తు చేసుకున్నాడు. వాళ్లు నిజంగానే పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు ఉంటే అవి అని మాత్రమే అన్నారు. ఈ గడి తను గీసిందే. ఎందుకు గీశాడు? పద్నాలుగేళ్లుగా నింపిన ప్రతి కాయితంలోనూ అది ఉంది కాబట్టి గీశాడు. స్కేలు పెట్టి మరీ గీశాడు.

"ఆ గళ్లో మీ ఎదురుగా ఏం రాసుకున్నారండీ?" అంది అలివేలు. గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మీ కంపెనీ పేరేనా? ఆ కంపెనీ ఆఫీసులో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో మనకి తెలీదా?"

ఆయన భార్య వైపు చూడలేదు. ఇంతసేపూ చేతిలో ఉన్న పెన్ను కింద పెట్టి, పిల్ల పుస్తకాల్లోంచి పెన్సిల్ తీశాడు. నలభై ఎనిమిది, తిరుపాలమ్మ అని రాశాడు. చివరి గడి దగ్గర పెన్సిల్ ఒకసారి ఆగి, పైకి లేచింది.

"పెన్సిల్‌తో రాశాను. చెక్‌పోస్టులో వాళ్లు ఒప్పుకోకపోతే చెరిపేస్తాను. అప్పుడు మాత్రం దిగిపోవాలి. గొడవ చెయ్యకూడదు."

"దిగుతా సార్" అంది. గెలిచినట్టు ఏమీ అనిపించలేదు ఆమెకు. మెట్లు దిగుతుంటే, ఎక్కినప్పటికన్నా ఎక్కువ నొప్పిగా ఉంది.

*

శుక్రవారం బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. డ్రైవరు జోర్డాను మనిషి, పెద్ద పొట్ట, రెండు రోజుల గడ్డం. లిస్టు ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపి "యల్లా, యల్లా" అని ఎక్కమని తొందరపెట్టాడు. సోమశేఖర్ ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. రమణి నాగేశ్వర పక్కన కూర్చోవాల్సి వచ్చింది, మొగుడూ పెళ్లాం గదా. ఆమె కిటికీకి అతుక్కుపోయి, తన మూటను ఇద్దరి మధ్యా గోడలా పెట్టింది. తిరుపాలమ్మకు ఆఖరి వరసలో, సూట్‌కేసుల పక్కన చోటు దొరికింది. వలి ఆమె ముందు వరసలో కూర్చున్నాడు. జహ్రా దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా చక్రాలూ అద్దాలూ పీకేసిన కార్లు. తిరుపాలమ్మ కునికిపాట్లు పడుతోంది.

ముత్లా గుట్ట ఎక్కాక బస్సు ఆగింది. ఇసుక బస్తాలు, ఒక టాంకు, ఎండకు కమిలిపోయిన నలుగురు సైనికులు. ఒకడు మెట్టెక్కి లోపలికి తొంగి చూశాడు. మీసాల కింద పెదవులు పగిలి ఉన్నాయి.

"మనూ మస్ఊల్?"

సోమశేఖర్ లేచి కాయితం చాపి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. సైనికుడు కాయితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తలకిందులుగా పట్టుకుని కాసేపు చూశాడు, మళ్లీ సరిచేశాడు. దాంట్లో ఎన్ని గళ్లున్నాయో, ఏ గడిలో ఎవరి పేరుందో అతనికి ఒకటే. కాయితం సోమశేఖర్ గుండెకు కొట్టినట్టుగా తిరిగి ఇచ్చి, ఈసారి గట్టిగా అరిచాడు. "మనూ మస్ఊల్?"

"బాధ్యులెవరు అని అడుగుతాండాడు" అంది తిరుపాలమ్మ వెనక నుంచి, సినిమాకు చెప్పినట్టే.

బస్సులో మగవాళ్లు ముప్ఫై మంది ఉన్నారు. పెళ్లాల్ని రాయించుకున్నవాళ్లున్నారు, నిన్నటి దాకా ఎవరికెవరు బాధ్యులో పంచుకున్నవాళ్లున్నారు. అందరికీ హఠాత్తుగా కాళ్ల దగ్గర చూడాల్సిన వస్తువు ఏదో కనిపించింది. నాగేశ్వర జేబు మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకున్నాడు. సోమశేఖర్ నిలబడే ఉన్నాడు, పాపం. అరబ్బీ లేదు ఆయనకు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది. వెనక్కి తిరిగి ఆఖరి వరస వైపు చూశాడు.

"తిరుపాలమ్మగారూ, మీరొకసారి రండి."

ఆమె లేచింది. ధైర్యం వచ్చి లేవలేదు. విసుగొచ్చి లేచింది. ఎండ, దాహం, మడమల మంట, ఈ బస్సు ఇక్కడే నిలబడిపోతే మళ్లీ ఆ పప్పు, ఆ రాళ్లు. సూట్‌కేసులు దాటుకుంటూ ముందుకు నడిచింది. కొంగు తల మీద సర్దుకుని సైనికుడి ముందు నిలబడింది.

"ఆనా" అంది. నేను.

సైనికుడు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఎంతమంది అన్నాడు. నలభై ఎనిమిది అంది. నిన్న ఒక బస్సులో ఆడవేషంలో కువైటీ ఒకడు దొరికాడని, ఇప్పుడు ఒక్క తల ఎక్కువైనా తక్కువైనా బస్సు వెనక్కి పోతుందని, తేడా వస్తే ముందు నిన్నే దింపుతానని చెప్పాడు. ఆఖరి మాట ఆమె తెలుగులోకి మార్చలేదు.

"లెక్కపెట్టు" అన్నాడు.

ముందు సీటు నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కరి నెత్తి మీద వేలు పెట్టినట్టు చూపిస్తూ వెళ్లింది. సోమశేఖర్, అలివేలు, అమృత. చిట్వేలు అక్కచెల్లెళ్లు. ఎవరి పక్కన ఎవరున్నారో ఆమె చూడలేదు, ఒక తల ఒక లెక్క. రమణి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ముందుకు పోయింది. వలి దగ్గర నలభై ఆరు. ఆఖరి వరసలో నిద్రపోతున్న భీమవరం ఆమెతో నలభై ఏడు. అక్కడితో మనుషులు అయిపోయారు.

సూట్‌కేసుల వెనక చూసింది, సీట్ల కింద చూసింది. మళ్లీ వెనక నుంచి ముందుకు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. నలభై ఏడు. "ఎవురన్నా దిగినారా?" అని అడిగింది. ఎవరూ దిగలేదు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. సోమశేఖర్ కవర్లోంచి లిస్టు లాగి వేలితో పేర్లు చదవసాగాడు, మధ్యలో వరస తప్పింది. అంత చదువుకున్న మనిషికీ తట్టలేదు. బస్సులో ఒక్కరికీ తట్టలేదు.

మెట్టు మీద సైనికుడు ఆమెతో పాటే పెదాలు కదుపుతూ లెక్కపెడుతూ ఉన్నాడు. అతనికి ఇరవై రెండేళ్లుంటాయేమో, దగ్గరగా చూస్తే మీసం ఇంకా లేతగా ఉంది. అలసిపోయిన చెయ్యి ఎత్తి, బుర్ర లేదా అన్నట్టు, ఆమె వైపు వేలు చూపించాడు.

"వ ఇంతీ?" అన్నాడు. మరి నువ్వో?

తిరుపాలమ్మ అతని వేలు వైపు చూసింది. ఆ వేలు ఎక్కడ ఆగి ఉందో అక్కడికి, తన రొమ్ము మీదికి చూపు దించుకుంది. అక్కడ చెయ్యి వేసుకుంది.

"నలభై ఎనిమిది" అంది. తెలుగులో చెప్పానని తెలుసుకుని, మళ్లీ అరబ్బీలో చెప్పింది.